ఎముక అతుక్కుంది, కానీ బంతి బతకలేదు: మా అమ్మ తుంటి ఆపరేషన్ల అనుభవం

తుంటి దగ్గర ఎముక విరిగిందంటే చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే, "అతుక్కుందా?" అని. మా అమ్మకి అతుక్కుంది. ఎక్స్‌రేలో విరిగిన గీత కూడా కనపడనంత చక్కగా అతుక్కుంది. అయినా ఏడాది దాటాక మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సి వచ్చింది. విరిగిన చోటు బాగానే ఉంది గానీ దానికి పైనుండే గుండ్రటి తల, అంటే గిన్నెలో తిరిగే బంతి, రక్తం అందక లోపల్లోపలే చచ్చిపోయింది. డాక్టర్లు దీన్ని ఏవీఎన్ అంటారు, పూర్తి పేరు అవాస్క్యులర్ నెక్రోసిస్. ఇది ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది, అందులో మన చేతిలో ఉండేది ఎంత అన్నది మా శ్రీకాకుళం వైపు ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. "రాడ్లు వేశారు, ఇంక పర్లేదు" అని వదిలేస్తారు. అందుకే మేం పడ్డదంతా వివరంగా రాస్తున్నాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. అప్పటికి అమ్మకి 56 ఏళ్లు. వానాకాలం, నూతిగట్టు మీద పాచి, బిందె చంకలో ఉండగానే జారి కుడి పక్కకి పడిపోయింది. పరిగెత్తుకుని వెళ్లి లేపబోతే "లెగలేనే గుంటా, ఈ కాలు నాది కాదు" అంది. చూస్తే కుడికాలు ఎడమకాలి కంటే కురచగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. చిన్నాన్న వెంటనే పక్క ఊళ్లో నాటు కట్టు కట్టే ఆయన్ని పిలుస్తానన్నాడు. ఆయన నూనె రాసి, కాలు పట్టి లాగి, వెదురు బద్దలు పెట్టి కట్టేస్తాడు. చేతులూ మణికట్లూ విరిగినవాళ్లు చాలామంది ఆయన దగ్గరికే వెళ్తారు. మా వదిన ఏఎన్ఎంగా పని చేస్తుంది, ఫోన్ చేస్తే ఒక్కటే చెప్పింది: "కాలు కురచయి పాదం బయటికి తిరిగిందంటే తుంటి విరిగినట్టే, ఎవ్వర్నీ లాగనివ్వకు. కాళ్ల మధ్య దిండు పెట్టి రెండూ కలిపి వదులుగా కట్టి 108 ఎక్కించెయ్." ఆ మాట ఎంత విలువైనదో తర్వాత సర్జన్ చెప్తే తెలిసింది. కొందరికి ఎముక విరిగినా పక్కకి జరగకుండా ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుని ఉంటుందట, అలాంటి కాలుని పట్టి లాగితే జరగని ఎముక కూడా జరిగిపోతుంది. జరగడమే అన్నింటికన్నా పెద్ద ప్రమాదం.

శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక మెడ దగ్గర విరిగింది, పక్కకి జరిగింది కూడా. సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పైన బంతి, దాని కింద సన్నగా మెడ, ఆ కింద పొడుగ్గా కాడ. చాలా ఎముకలకి రక్తం నాలుగు వైపుల నుంచీ అందుతుంది, ఈ బంతికి మాత్రం ఎక్కువ భాగం రక్తం మెడని అంటిపెట్టుకుని కిందనుంచి పైకి పాకే సన్నటి నాళాల ద్వారానే వెళ్లాలి. మా వంశధార కాలువ కింద శివారు పొలాలు ఎలాగో ఆ బంతి అలాగ, మధ్యలో గట్టు తెగితే చివరి చేనుకి చుక్క నీరు రాదు. మెడ విరిగి పక్కకి జరిగినప్పుడు ఆ నాళాలు సాగిపోతాయి, నలిగిపోతాయి, కొన్ని తెగిపోతాయి. అంటే బంతి బతుకుతుందా లేదా అన్నది సగం వరకూ పడిన క్షణంలోనే తేలిపోతుంది, మిగతా సగం కోసమే డాక్టరూ మనమూ పోరాడేది.

జరగడంలో కూడా మెట్లున్నాయి. గార్డెన్ అనే బ్రిటిష్ సర్జన్ 1961లో చేసిన విభజననే ఇప్పటికీ వాడుతున్నారు. ఒకటి, రెండు రకాలంటే జరగనివి, మూడు, నాలుగు అంటే జరిగినవి. అమ్మది మూడు. దీనికంటే ముందే, 1935లో, పావెల్స్ అనే జర్మన్ డాక్టరు ఇంకో సంగతి చెప్పాడట: విరిగిన గీత ఎంత నిటారుగా ఉంటే అంత చెడ్డది, ఎందుకంటే అడుగు వేసినప్పుడల్లా రెండు ముక్కలూ ఒకదాన్నొకటి నొక్కుకోకుండా ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతుంటాయి. గీత పడుకున్నట్టు ఉంటే అదే బరువు ముక్కల్ని దగ్గరికి నొక్కుతుంది. అమ్మకి గీత మరీ నిటారుగా లేదు, అదొక్కటే ఆ రోజు మాకు దొరికిన మంచి మాట.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు నన్ను ఆశ్చర్యపరిచాయి. ఎలా పడింది అన్నదానికంటే పడకముందు ఎలా ఉండేది అన్నదే ఎక్కువ అడిగారు. సుగర్ ఉందా, మందు అలవాటు ఉందా, పొగ తాగుతుందా, కీళ్లనొప్పులకి ఏమైనా మాత్రలు వాడుతుందా, కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించారా, నెలసరి ఎప్పుడు ఆగిపోయింది, ముందెప్పుడైనా చిన్నదెబ్బకి ఎముక విరిగిందా. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే 56 ఏళ్లకి తుంటి విరగకూడదు, విరిగిందంటే ఎముక ముందే గుల్లబారి ఉంటుంది, ఎందుకు గుల్లబారిందో తెలిస్తే అతుకుతుందో లేదో, బంతి నిలుస్తుందో లేదో కొంత చెప్పగలం అన్నారు.

మోకాళ్లనొప్పుల మాత్రల సంగతి ముందు చెప్తాను. కొన్నేళ్లుగా అమ్మకి మోకాళ్లనొప్పులు. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే సాయంత్రానికల్లా నొప్పి మాయం. ఆకలి పెరిగింది, ముఖం నిండుగా గుండ్రంగా అయింది, చుట్టాలంతా "వొళ్లు చేసింది, బాగుంది" అనేవాళ్లు. చేతుల మీద చర్మం పల్చబడి, చిన్నది తగిలినా నల్లటి మచ్చ పడేది. ఇంటి నుంచి ఆ మాత్రల అట్ట తెప్పించి చూపిస్తే సర్ చూడగానే స్టెరాయిడ్ అన్నారు. ఎక్కువకాలం వాడితే ఇది రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తుంది, ఎముకని గుల్లచేస్తుంది, తుంటి బంతికి వెళ్లే రక్తాన్నీ పాడుచేస్తుంది. ఎముక విరక్కుండానే కేవలం స్టెరాయిడ్ వల్ల బంతి చచ్చిపోయినవాళ్లు ఉన్నారు. అలాగని ఆ రోజే ఆపెయ్యకూడదట, ఎందుకంటే బయటనుంచి స్టెరాయిడ్ అందుతూ ఉంటే శరీరం సొంతంగా తయారు చేసుకోవడం తగ్గించేస్తుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మత్తు డాక్టరుకి ఈ విషయం ముందే చెప్పారు, ఆపరేషన్ సమయంలో దానికి తగ్గ ఇంజక్షన్ ఇచ్చారు, తర్వాత మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాత్ర వేసుకుంటున్నారో పేరు తెలియకపోతే ఆ అట్ట తీసుకెళ్లి చూపించండి, దాచకండి. ఆసుపత్రిలో తిడతారని చాలామంది దాస్తారు, అది నేను పక్క మంచాల దగ్గర కళ్లారా చూశాను.

ఇక చుట్ట. మా జిల్లా బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ, మా వైపు పాతతరం ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. పొలంలో, సముద్రపు గాలిలో చుట్ట ఆరిపోదు, రెండు చేతులతో నాట్లు వేసుకోవచ్చు. అమ్మకి పెళ్లికి ముందు నుంచే అలవాటు. నికోటిన్ సన్నటి రక్తనాళాలని కుదించేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. అసలే నలిగిపోయి ఉన్న నాళాలకి ఇది రెండో దెబ్బ. పొగ తాగేవాళ్లకి ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది, ఒక్కోసారి అసలు అతుక్కోదు, పుండు మానదు. సర్ ఇదంతా చెప్తే అమ్మ నావైపు తిరిగి, "సుట్టకీ తుంటికీ ఏటే సంబంధం, నోట్లోది కాల్లోకెలా ఎల్తాది?" అంది. ఆయన నవ్వకుండా, మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, "పెద్దమ్మా, పొగ నోట్లో ఆగదు, రక్తంలో కలిసిపోద్ది, రక్తం ఎక్కడికెల్తే అక్కడికెల్తాది" అని ఆవిడ మాటల్లోనే చెప్పారు. ఆ ఒక్కమాటతో ఆవిడ మానేసిందని రాయలేను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మానింది, ఇంటికొచ్చాక అడిగింది, ఏడ్చింది, మా మీద కోప్పడింది. వాము, లవంగం నోట్లో పెట్టుకుని కొంతకాలం నెట్టుకొచ్చింది. పొగాకు మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది, వదిన దానికి ఫోన్ చేసి మాట్లాడించింది. మొత్తానికి మానింది, కానీ దానికి నెలలు పట్టింది, ఆ నెలలే ఎముకకి అన్నింటికన్నా ముఖ్యమైనవి.

కిడ్నీ గురించి ఎందుకు అడిగారంటే అమ్మ కన్నవారిది కవిటి దగ్గర, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం. ఆ పేరు వినగానే ఇక్కడి ఏ డాక్టరైనా కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రాస్తారు. మా మామయ్య కిడ్నీ రోగి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక అక్కడికే వెళ్తున్నాడు. కిడ్నీ పాడైతే ఎముకలూ పాడవుతాయన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది. మనం తినే, ఎండలో తయారయ్యే విటమిన్ డి చివరికి పనికొచ్చే రూపంలోకి మారేది ఎక్కువగా కిడ్నీలోనే. అది దెబ్బతింటే కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పి ఎముకలోంచి కాల్షియం బయటికి లాగేసుకుంటుంది శరీరం. అమ్మకి క్రియాటినిన్ కొంచెం పై అంచున ఉంది, భయపడేంత కాదు. కానీ నొప్పి మందుల విషయంలో అది పనికొచ్చింది, డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వకుండా వేరే వాటితో నెట్టుకొచ్చారు. విటమిన్ డి మాత్రం బాగా తక్కువుంది. ఎండలో పొద్దస్తమానం పని చేసే మనిషికి డి తక్కువేంటని నాకు నమ్మకం కలగలేదు, రిపోర్టు మళ్లీ మళ్లీ చూశాను.

ఆ వార్డులోనే సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు, కానీ తుంటి బంతి చచ్చిపోయింది. అతనికి సికిల్ సెల్. ఎర్రకణాలు కొడవలి ఆకారంలో వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుపోతాయి, అదే శివారు కథ. మన ఏజెన్సీలో ఈ జబ్బు ఉంది కాబట్టి, అక్కడివాళ్లకి తుంటి నొప్పి అంటే ఆ రక్తపరీక్ష కూడా చేయించాలి.

ఇప్పుడు అసలు నిర్ణయం. దారులు రెండు. విరిగిన ముక్కల్ని సరిచేసి స్క్రూలు బిగించి సొంత బంతిని కాపాడుకోవడం, లేదా బంతి తీసేసి కృత్రిమ బంతి పెట్టడం. 65 దాటినవాళ్లకి ఇలా ఎముక విరిగి పక్కకి జరిగిపోతే ఎక్కువగా బంతి మార్చేస్తారు, ఎందుకంటే వాళ్లు రెండోసారి ఆపరేషన్ తట్టుకోవడం కష్టం, మర్నాడే నిలబెట్టాలి. బాగా చిన్నవాళ్లకైతే సొంత ఎముకనే కాపాడతారు, కృత్రిమ కీలు జీవితాంతం రాదు కాబట్టి. 56 అంటే మధ్యలో. పొలం పని చేసే మనిషి, సొంత ఎముక బతికితే అంతకన్నా మంచిది లేదు, బతక్కపోతే కీలు మార్పిడి దారి ఎలాగూ తెరిచే ఉంటుంది అని సర్ అభిప్రాయం. కానీ "స్టెరాయిడ్, చుట్ట, జరిగిన ఎముక, ఈ మూడూ మనకి ఎదురే, ముందే చెప్తున్నా" అని కూడా అన్నారు. నేను ఆ ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ గౌరవించింది ఆ మాటని. మేం స్క్రూలకే ఒప్పుకున్నాం. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను, ఆ రోజుకి తెలిసిన దాంట్లో అది సరైన నిర్ణయమే.

తర్వాత నేను వెతికి చదివాను. 2017లో లాన్సెట్ పత్రికలో ఫెయిత్ అనే పెద్ద పరిశోధన వచ్చింది. 50 ఏళ్లు దాటి తొడ ఎముక మెడ విరిగిన 1,100 మందికి పైగా రోగుల్లో మామూలు స్క్రూలకీ, ప్లేటుతో ఉండే జారే స్క్రూకీ తేడా చూశారు. ఏది వేసినా రెండేళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. బంతి చచ్చిపోవడం మామూలు స్క్రూలు వేసినవాళ్లలో 5 శాతం, జారే స్క్రూ వేసినవాళ్లలో 9 శాతం. పొగతాగేవాళ్లలో, ఎముక జరిగినవాళ్లలో మాత్రం జారే స్క్రూ వైపు కొంత మొగ్గు కనిపించింది. ఐదుగురిలో ఒకరు అంటే చిన్న సంఖ్య కాదు. రాడ్లు వేశారు పర్లేదు అనుకునే మన ధోరణికి ఈ లెక్క చాలు.

ఆపరేషన్ ఎంత తొందరగా చేస్తే బంతి బతుకుతుందన్న దాని మీద డాక్టర్లలోనే ఒక్క మాట లేదు. కానీ ముక్కలు ఎంత కచ్చితంగా పాత స్థానంలో కూర్చున్నాయన్నది అందరూ ఒప్పుకునేది. బంతి కొంచెం లోపలి వైపు వాలిపోయి ఉండగా స్క్రూలు బిగించేస్తే అతుకూ సరిగా పడదు, బంతీ నిలవదు. అమ్మకి వెన్నులో మత్తు ఇచ్చి, ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపించే సి-ఆర్మ్ మిషన్‌లో చూస్తూ కాలుని మెల్లగా సరిచేసి, చిన్న కోతలోంచి మూడు బోలు స్క్రూలు తిరగేసిన త్రిభుజంలా వేశారు. బయటికొచ్చాక ఫిల్ము చూపించి, "నా పని వరకూ బాగా వచ్చింది" అన్నారు సర్. ఆ వాక్యంలో "నా పని వరకూ" అన్నది నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇంటికొచ్చాక పెద్ద కష్టం బరువు మోపకుండా ఉండటం. బొటనవేలు నేలకి ఆనించొచ్చు, ఒంటి బరువు వెయ్యకూడదు, వాకర్ మీదే నడవాలి, కింద కూర్చోకూడదు. పల్లెటూరి ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. మరుగుదొడ్డి కింద కూర్చునేది, వంటలో కత్తిపీట కింద కూర్చుని తరిగేది, స్నానం పెరట్లో. శ్రీకాకుళం నుంచి కమోడ్ కుర్చీ తెచ్చాం, గడపల దగ్గర చెక్క పెట్టాం. రక్తం గడ్డ కట్టకుండా పొట్ట దగ్గర సూదులు, తొడ కండరం బిగించి వదిలే వ్యాయామం, వీపు పుండ్లు పడకుండా తిప్పడం, ఇవన్నీ వదిన నేర్పింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు మాత్రం ప్రతి ఒక్కరూ "ఎన్నాళ్లు మంచమ్మీదుంటావు, అడుగెయ్, నడిస్తేనే రక్తం పారతాది" అనేవాళ్లు. వాళ్లది ప్రేమే. కానీ అతుకు పడకముందు బరువు పడితే గుల్లబారిన ఎముకలో స్క్రూ వెన్నలో కత్తిలా దిగిపోతుందని మాకు ఫిజియో చెప్పి ఉంది. నాన్న గుమ్మం దగ్గరే కూర్చుని వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పేసేవాడు, అడుగు వెయ్యమని మాత్రం అనకండి అని.

ఎక్స్‌రేలు ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి. ప్రతిసారీ కొంచెం కొంచెంగా గీత మాసిపోయింది. మెడ కాస్త కురచయింది, దాంతో కుంటి నడక కొద్దిగా మిగిలింది, అయినా నడుస్తోంది. ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. సర్ మాత్రం "రెండేళ్ల వరకూ నాకు కనిపిస్తూ ఉండండి" అన్నారు. అతుకు పడిందా లేదా అన్నది మొదటి నెలల్లో తేలుతుంది, బంతి సంగతి మాత్రం ఆర్నెల్ల నుంచి రెండేళ్ల మధ్యలో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. చచ్చిపోయిన ఎముక వెంటనే కూలిపోదు, ఆకారం అలాగే ఉంటుంది, ఎక్స్‌రేలో మామూలుగానే కనిపిస్తుంది. శరీరం ఆ చచ్చిన ఎముకని తొలిచేసి కొత్తది వెయ్యబోతుంది, ఆ మధ్యకాలంలోనే అది బలహీనపడి బరువుకి నలుగుతుంది. అంటే మనిషి బాగా నడుస్తున్న రోజుల్లోనే లోపల ఇది జరుగుతూ ఉంటుంది. చాలామంది ఆర్నెల్ల ఎక్స్‌రేతో ఆసుపత్రికి వెళ్లడం మానేసేది సరిగ్గా అప్పుడే.

అమ్మకి ఏడాది దాటాక నొప్పి మొదలైంది, అదీ మోకాల్లో. "పాత మోకాలి నొప్పి మళ్లీ తిరగబెట్టింది" అని అందరూ తేల్చేశారు, ఆ పాత తెల్లమాత్రే తెచ్చి ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. తుంటిలో తేడా వస్తే నొప్పి మోకాల్లో తెలియడం మామూలేనని ఫిజియో ఎప్పుడో చెప్పింది, అది నాకు గుర్తుంది. కొద్ది రోజులకి గజ్జల్లో కూడా మొదలైంది, మంచం మీద నుంచి లేచి మొదటి అడుగు వేసేటప్పుడు పళ్లు బిగబట్టేది, పడుకుని కాలుని లోపలికి తిప్పితే అరిచేది. ఎక్స్‌రేలో బంతి పైభాగంలో తెల్లటి మచ్చ, ఒకచోట గుండ్రటి గీత కాస్త చదునుగా. సర్ విశాఖపట్నం పంపి ఎంఆర్ఐ తీయించారు. స్క్రూలు టైటానియంవి కాబట్టి తియ్యొచ్చన్నారు, ఆపరేషన్ కాగితాలన్నీ పట్టుకెళ్లడం అక్కడ అక్కరకొచ్చింది. స్క్రూల చుట్టూ బొమ్మ కాస్త మసకగా వచ్చినా విషయం తేలిపోయింది, బంతిలో బరువు మోసే పై ముందు భాగం చచ్చిపోయి కుంగింది. ఎడమ తుంటిని కూడా అప్పుడే చూశారు, అది బాగుంది.

ఆ సాయంత్రం నాకు చాలా బాధేసింది, ఇన్నాళ్లు అంత జాగ్రత్తగా చూసుకుని కూడా ఇలా అయ్యిందేంటని. కుంగకముందే దొరికితే బంతిలోకి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ లాంటివి కొందరికి పని చేస్తాయి. కుంగిపోయాక మిగిలేది కీలు మార్పిడే. పాత స్క్రూలు తీసి కీలు పెట్టడం మామూలు కీలు మార్పిడి కంటే కాస్త కష్టమైన పని, అందుకే లోపల ఎక్కడైనా ఇన్ఫెక్షన్ దాగి ఉందేమోనని ముందు ఈఎస్ఆర్, సీఆర్పీ పరీక్షలు చేశారు. ఖర్చుల విషయంలో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని కలిసి ఏది ప్రభుత్వ ఆరోగ్య పథకంలోకి వస్తుంది, ఏది రాదు అని మొదటిరోజే అడిగి రాయించుకోండి, చివర్లో గొడవ ఉండదు.

రెండో ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, మంచి విషయాలకి కథ తక్కువ. మర్నాడే వాకర్ పట్టుకుని పూర్తి బరువు వేసి నిలబడింది. "ఓలమ్మో, నొప్పి లేదే" అని అంది, అనేసి మళ్లీ అడుగేసింది. ఇప్పుడు కుంటు కూడా బాగా తగ్గింది. కింద కూర్చోవడం లేదు, కూర్చోదు కూడా, కత్తిపీట బల్ల మీదకి మారింది.

కానీ కీలు మారింది గానీ మిగతా ఒంట్లో ఎముకలు అవే కదా. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నెముక స్కోరు మైనస్ 2.5 కంటే కిందకి ఉంది, అంటే ఆస్టియోపొరోసిస్, ఎముకలు గుల్లబారే జబ్బు. మొదట విటమిన్ డి నింపారు, వారానికోసారి 60,000 యూనిట్ల పొడి పాలల్లో కలిపి. ఆ తర్వాత ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్ ఇద్దామన్నారు. తుంటి విరిగినవాళ్లలో ఇది మళ్లీ ఎముకలు విరగడాన్ని తగ్గిస్తుంది. కిడ్నీ బాగా తగ్గిపోయినవాళ్లకి ఇవ్వరు, అందుకని క్రియాటినిన్ మళ్లీ చూశారు, సరిపోయింది. దానికి ముందు పళ్ల డాక్టరుకి చూపించుకుని రమ్మన్నారు, ఎందుకంటే ఈ మందు వాడుతున్నప్పుడు పళ్లు పీకితే అరుదుగా దవడ ఎముక మానకుండా ఉండిపోవచ్చు, పీకాల్సినవి ఏమైనా ఉంటే ముందే పీకించుకోవాలి. ఇది ఏదో తంతులే అనుకుంటూ వెళ్లాం. ఆవిడ నోరు తెరవగానే పళ్ల డాక్టరు పళ్లు చూడటం మానేసి అంగిలి చూశారు. పైన అంతా తెల్లగా మందంగా మారిపోయి మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగేవాళ్లలో అంగిలి క్యాన్సర్ వస్తుందని మా జిల్లాలో వాళ్లకి బాగా తెలుసు, వెంటనే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు వచ్చేవరకూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ లేదని వచ్చింది, కానీ ఆరునెలలకోసారి తప్పకుండా చూపించుకోమన్నారు. కదుల్తున్న రెండు పళ్లు తీసేశారు. అమ్మకి చుట్ట మీద మిగిలిన కాస్త ఆశ కూడా ఆ కుర్చీలోనే పోయింది, ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

పళ్ల పుండు పూర్తిగా మానాక ఇంజక్షన్ ఎక్కించారు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి, మొదటిసారికి చాలామందికి అలాగే ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు, పారాసెటమాల్, బాగా నీళ్లు, రెండ్రోజుల్లో తగ్గిపోయింది. వచ్చే ఏడాది ఇచ్చే ముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి మళ్లీ చూస్తారు. స్టెరాయిడ్ వల్ల వచ్చే ఏవీఎన్ రెండు వైపులా రావచ్చు కాబట్టి ఎడమ తుంటికి కూడా ఇప్పుడు ఎక్స్‌రే తీయిస్తున్నాం, ఆ గజ్జల్లో నొప్పి అంటే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నారు.